సొరుగులో స్టీలు దువ్వెన

మా ఆర్వీ (ఇంట్లోలా వండుకుని పడుకోగల బండి) అమ్మేసి చాలా ఏళ్ళయింది. బండిలో సామానంతా కొన్నవాళ్ళకే వదిలేశాం. వంటగట్టు పక్కన పై సొరుగులో ఉండే మూడు వస్తువులు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం: వెడల్పు పళ్ళ స్టీలు దువ్వెన, సన్నముక్కు పట్టకారు, కొసలు గుండ్రంగా ఉన్న కత్తెర. మూడూ మా కుక్క జిమ్మీ కోసం కొన్నవే. ఫిబ్రవరి చివర బయల్దేరి ఏప్రిల్ చివర దాకా అరిజోనా, న్యూమెక్సికో, యూటా ఎడారుల్లో తిరిగిన ఆ రెండు నెలల మాట ఎవరు ఎత్తినా మాకు ముందు గుర్తొచ్చేది గ్రాండ్ కాన్యన్ కాదు, ఆ దువ్వెన.

జిమ్మీ లాబ్రడార్ పోలిక ఎక్కువగా ఉన్న కలగలుపు జాతి. 60 పౌన్లు, అంటే 27 కిలోలు. నల్లటి ఒళ్ళు, ఎండని ఇట్టే పట్టేసుకునేది. బండి పాతిక అడుగుల క్లాస్ సి. డ్రైవరు నెత్తిమీద ఒక మంచం, వెనక చిన్న ఇల్లు, పైకప్పు మీద ఒకటే ఏసీ, పక్కన అరలో 4000 వాట్ల జనరేటర్, 40 గ్యాలన్ల మంచినీళ్ళ ట్యాంకు. గ్యాలన్ పెట్రోలుకి ఎనిమిది, తొమ్మిది మైళ్ళు. బండి ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి, ఎటు తిప్పి నిలబెట్టాలి అన్నవన్నీ ఆ కుక్క ఒంటి వేడిని బట్టే జరిగేవి.

దువ్వెన సంగతి ముందు చెబుతాను. అక్కడ చోయా అనే జెముడు జాతి మొక్క ఉంటుంది. అందులో టెడ్డీబేర్ చోయా అనే రకం పొద్దుటి ఏటవాలు ఎండలో బంగారు రంగు బొచ్చు కప్పుకున్నట్టు మెరుస్తుంది. చెయ్యి వేసి నిమరాలనిపిస్తుంది. దాన్ని జంపింగ్ చోయా అని కూడా అంటారు గానీ అది ఎక్కడికీ ఎగరదు. కణుపులు మహా తేలిగ్గా ఊడిపోతాయి, అంతే. తోకో కాలో ఇలా రాసుకుంటే చాలు, నిమ్మకాయంత ముక్క ఊడొచ్చి అంటుకుపోతుంది. ఆ మొక్క వంశం పెరిగే పద్ధతే అది. జంతువు ఒంటికి అంటుకుని పోయి, ఇంకోచోట రాలి, అక్కడ వేళ్ళు తన్నుతుంది. అందుకే చెట్టుకి నాలుగైదు అడుగుల దూరం వరకూ నేలంతా రాలిన ముక్కలు పరుచుకుని ఉంటాయి. కుక్క చెట్టు జోలికి పోకపోయినా వాటి మీద కాలు వేస్తుంది.

ముల్లు కొసన కంటికి కనపడనంత సన్నటి పొలుసులు వెనక్కి తిరిగి ఉంటాయి. లోపలికి సులువుగా దిగుతుంది, బయటికి రానంటుంది. కుక్క వెంటనే నోటితో పీక్కోబోతుంది. అసలు ప్రమాదం అక్కడే. పాదంలో ఉన్నది పెదవికీ నాలుకకీ ఎక్కుతుంది. కాబట్టి మొదటి పని ముక్క తియ్యడం కాదు, తల పట్టుకోవడం. ఒకరు తలని చంకలో బిగించి పట్టుకోవాలి. రెండోవారు దువ్వెన పళ్ళని ముక్కకీ చర్మానికీ మధ్య దూర్చి, ఒక్క విసురుతో బయటికి చిమ్మాలి. మెల్లగా లాగితే పక్క ముళ్ళు కూడా దిగుతాయి. విసిరే ముందు ఆ దిక్కున ఎవరూ లేరని చూసుకోవాలి, ముక్క ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే రెండు నిమిషాల్లో దాని మీదే మళ్ళీ కాలు పడుతుంది. మిగిలిన ముళ్ళు ఒక్కొక్కటీ పట్టకారుతో, దిగిన కోణంలోనే తిన్నగా లాగాలి. వంకరగా లాగితే కొస విరిగి లోపల ఉండిపోతుంది. చేతి తొడుగులు ఉన్నా సరే వేళ్ళతో పట్టుకోకూడదు, తొడుగులోంచి దిగుతాయి. కత్తెర, వేళ్ళ సందుల్లో బొచ్చు కత్తిరించి లోపల ఏమైనా మిగిలిందేమో చూడటానికి. నాలుకలోనో గొంతులోనో దిగితే మాత్రం మనం ముట్టుకోకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవడమే. మత్తు ఇచ్చి తియ్యాల్సిన పని అది.

నాగజెముడు ముళ్ళు ఇంకో రకం. ఆకుమట్ట మీద చుక్కలు చుక్కలుగా కనిపించే నూగు ఉంటుంది చూశారా, అదే ఎక్కువ బాధ పెడుతుంది. దానికి దువ్వెన పనికిరాదు. ప్యాకింగ్ టేపు అద్ది లాగాలి.

మన పల్లేరుకాయలు కూడా అక్కడ ఉన్నాయి. మేము ఊహించనిది ఇదే. కాలికి గుచ్చుకున్నదాన్ని తీసి చూస్తే, రాయలసీమ చేలగట్ల మీద చెప్పుల్లేని కాళ్ళకి దిగే అదే కాయ, అదే రెండు కొమ్ముల ముల్లు. శాస్త్రం పేరు కూడా ఒకటే, ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. పాత ప్రపంచం నుంచి అమెరికాకి చేరి కలుపుమొక్కై కూర్చుంది. అక్కడివాళ్ళు మేకతల అనే అర్థం వచ్చేలా గోట్‌హెడ్ అంటారు. సైకిలు టైర్లు దీనివల్లే పంక్చరవుతాయి. ఇది ఎడారి లోపల కన్నా మనుషులు తొక్కిన చోట, అంటే పెట్రోలు బంకు వెనక, ఆర్వీ పార్కు అంచుల్లో, రెస్ట్ ఏరియాలో కుక్కల కోసం కేటాయించిన గడ్డి పక్కన ఎక్కువ. అటునుంచి నాగజెముడు అమెరికా నుంచి మన పొలాల గట్లకి వచ్చింది. అక్కడి మెస్కీట్ చెట్టు, మన చెరువుగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలే. టూసాన్ దగ్గర మెస్కీట్ నీడన బండి పెట్టుకుని కూర్చుంటే, ఆ సన్నాకుల నీడ, ఎండిన కాయల తీపివాసన, మనూరి తుమ్మతోపులో కూర్చున్నట్టే ఉండేది. తలుపు ముందు గరుకు ప్లాస్టిక్ చాప పరిచి, జిమ్మీ నాలుగు పాదాలూ వేళ్ళ సందులతో సహా తడిమి చూశాకే లోపలికి రానిచ్చేవాళ్ళం. ఈ పని ఒక్కపూట మానేస్తే రాత్రి మంచం దిగినప్పుడు మన కాలికే తెలుస్తుంది.

ఇక నేల వేడి. గాలిలో 86 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజున, ఎండ పడ్డ తారురోడ్డు 135 దాకా పోతుంది. మనకి హాయిగా ఉన్న రోజే వాడి పాదాలు కాలతాయి. అరచెయ్యి వెనక భాగాన్ని రోడ్డు మీద 7 సెకన్లు ఆనించి చూడటం మాకు అలవాటైపోయింది. ఆనించలేకపోతే నడక లేదు. ఏప్రిల్ వచ్చాక నడక తెల్లవారుజామున ఐదున్నరకి, మళ్ళీ పొద్దుగూకాక. సాయంత్రం నడకకి సూర్యుడు దిగితే చాలదు. తారు, సిమెంటు వేడి వదలడానికి ఇంకో గంట పైనే పడుతుంది. పాదాలకి బూట్లు కొనేటప్పుడు కుక్క నిలబడి బరువు మోపినప్పటి పాదం వెడల్పు కొలవాలి, ఎత్తి పట్టుకుని కొలిస్తే ఒక సైజు తక్కువ వస్తుంది. ప్రయాణానికి వారం ముందే ఇంట్లో రోజూ పది నిమిషాలు తొడిగి అలవాటు చెయ్యాలి. పట్టీ మరీ బిగిస్తే ఒరుసుకుంటుంది, వదులైతే రెండో అడుగుకే జారిపోతుంది. అరగంటకోసారి విప్పి లోపల ఇసుక దులపాలి, లేకపోతే ఆ ఇసుకే గరుకు కాగితంలా చర్మాన్ని తినేస్తుంది.

నీళ్ళ లెక్క: మామూలు రోజుల్లో కుక్కకి పౌను బరువుకి ఒక ఔన్సు. జిమ్మీకి 60 ఔన్సులు, సుమారు లీటరు ముప్పావు. ఎడారిలో దానికి రెట్టింపు పెట్టుకోవాలి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట తెలియదు, దాహమూ ఆలస్యంగా తెలుస్తుంది. కుక్క చెమటతో పెద్దగా చల్లబడదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దానికున్న ముఖ్యమైన దారి, ఆ ఒగర్పుకి నీళ్ళు ఖర్చవుతాయి. ఊరికో రకం నీళ్ళు మార్చి తాగిస్తే కడుపు చెడుతుంది, అక్కడి నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ. ట్యాంకు నింపేటప్పుడు పైపుకి ఫిల్టరు పెట్టేవాళ్ళం. వాడికోసం విడిగా 5 గ్యాలన్ల డబ్బా ఒకటి ఉండేది.

వడదెబ్బ గుర్తులు మొదట నోట్లో కనిపిస్తాయి. చిగుళ్ళు ఇటుక రంగుకి తిరుగుతాయి, చొంగ జిగటగా సాగుతుంది, తర్వాత వెనక కాళ్ళు తూలతాయి. అప్పుడు నీడలోకి లాగి, ఒంటి మీద ధారాళంగా చల్లటి నీళ్ళు పోస్తూ విసరాలి. ఐసు వద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే ఆవిరి లోపలే ఆగి వేడి పెరుగుతుంది. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. చల్లబరిచేటప్పుడు 103.5కి దిగగానే ఆపి డాక్టరు దగ్గరికి బయల్దేరాలి, లేకపోతే కిందికి జారిపోతూనే ఉంటుంది. థర్మామీటరు లేకుండా ఈ పని చెయ్యలేం.

ఎడారిలో కుక్కతో ఆర్వీ అనగానే అందరూ పాముల గురించి అడుగుతారు. మాకు భయం వేసింది కరెంటు గురించి. ఏసీ వేసి కుక్కని బండిలో వదిలి రెండు గంటలు బయటికి వెళ్తాం. సరిగ్గా ఆ రెండు గంటల్లోనే ఏసీ ఆగిపోతుంది, దానికి కారణాలు ఉన్నాయి.

చిన్న ఆర్వీలకి 30 ఆంపుల కనెక్షన్, 120 వోల్టులు. అంటే మొత్తం 3600 వాట్లు. 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తి కొలత) ఏసీ ఒక్కటే 12, 13 ఆంపులు తీసుకుంటుంది. వేడినీళ్ళ ట్యాంకు కరెంటు మీద ఉంటే ఇంకో 12. మైక్రోవేవ్ పెడితే ఇంకో 12, 13. బ్రేకరు పడిపోతుంది. అందుకని కుక్కని వదిలి వెళ్ళేటప్పుడు వేడినీళ్ళు, ఫ్రిజ్ రెండింటినీ గ్యాస్ మీదికి మార్చి, కరెంటు మొత్తం ఏసీకే వదలాలి. ఇది మన చేతిలో ఉన్నది. చేతిలో లేనిది ఏమిటంటే, మధ్యాహ్నం మూడింటికి పార్కులో ఉన్న బళ్ళన్నీ ఒకేసారి ఏసీ వేస్తాయి. పాత వైరింగు, పొడుగు లైన్లు. వోల్టేజి 120 నుంచి 110కి, ఒక్కోచోట 105కి దిగుతుంది. వోల్టేజి తగ్గేకొద్దీ కంప్రెసరు ఎక్కువ ఆంపులు లాగి వేడెక్కుతుంది, కొన్నాళ్ళకి కాలిపోతుంది. దాన్ని కాపాడటానికి పెట్టుకున్న రక్షణ పెట్టె 104 వోల్టుల దగ్గర కరెంటు కోసేస్తుంది. పెట్టె తన పని తను చేసింది. కానీ బండిలో కుక్క ఉంది. కరెంటు తిరిగి వచ్చాక కొన్ని ఏసీలు వాటంతట అవే మొదలవుతాయి, కొన్ని థర్మోస్టాట్లు పాత సెట్టింగు మర్చిపోయి ఆగే ఉంటాయి. మీది ఏ రకమో ఇంటి దగ్గరే బ్రేకరు దించి, ఎత్తి చూసి తెలుసుకోవాలి.

ఇంకో తప్పు ప్లగ్గు దగ్గర జరుగుతుంది. 30 ఆంపుల సాకెట్లు వేలమంది పెట్టి తీసినవి. లోపలి రేకులు వదులై ఉంటాయి. వదులు చోట వేడి పుడుతుంది, ప్లగ్గు కాళ్ళు నల్లబడతాయి, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లగ్గు పెట్టేముందు బ్రేకరు దించాలి, పెట్టిన అరగంటకి ప్లగ్గుని చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చన పరవాలేదు, కాలుతుంటే చోటు మార్చమని అడగాలి. పక్కనే 50 ఆంపుల సాకెట్ ఉంటే, డాగ్‌బోన్ అనే పొట్టి అడాప్టరు వేసి దాన్నే వాడేవాళ్ళం. ఆ రేకులు గట్టివి, అంతగా అరిగి ఉండవు.

బండిలో వేడి ఎంతుందో సెల్ ఫోనుకి మెసేజి పంపే చిన్న పరికరాలు ఉన్నాయి. 82 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక అలారం, కరెంటు పోతే ఒక అలారం పెట్టాలి. రెండోదే ముఖ్యం, వేడెక్కడానికి ముందే తెలుస్తుంది. అది సెల్ సిగ్నల్ మీద నడుస్తుంది కాబట్టి సిగ్నల్ లేనిచోట ఉన్నా లేనట్టే. 20 నిమిషాల్లో తిరిగి రాగల దూరం దాటి మేము వెళ్ళలేదు. మామూలు కారయితే బయట 70 డిగ్రీలే ఉన్నా అరగంటలో లోపల 104 అవుతుంది. ఆర్వీ గోడలకి కాస్త దళసరి ఉంది గానీ, మూసిన బండి చివరికి పొయ్యే.

బండి నడుస్తున్నప్పుడు కూడా ఏసీ గొడవ ఉంది. డ్రైవరు ముందున్న ఏసీ గాలి క్లాస్ సి వెనక భాగానికి అందదు. ముందు కూర్చున్నవాళ్ళు చల్లగా ఉంటారు, వెనక కుక్క ఉడికిపోతుంది. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కి ఐ-17 హైవే మీద ఎక్కితే 1,100 అడుగుల ఎత్తు నుంచి 7,000 అడుగులకి చేరతాం. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని దారిలో బోర్డులు ఉంటాయి. అలాంటి ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు ముందున్న ఏసీ ఆపేసి, జనరేటర్ మీద పైకప్పు ఏసీ నడపాలి. దాని బరువు ఇంజన్ మీద పడదు, కుక్కకీ చల్లగా ఉంటుంది. జనరేటర్‌కి పెట్రోలు బండి ట్యాంకులోంచే వస్తుంది, కాకపోతే దాని గొట్టం పావు ట్యాంకు ఎత్తున ఉంటుంది. పెట్రోలు మీటరు ముల్లు పావుకి దిగితే జనరేటర్ ఆగుతుంది. మనిషి దారిలో చిక్కుపడిపోకుండా పెట్టిన ఏర్పాటది. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి అడుగులకి మూడున్నర శాతం చొప్పున జనరేటర్ బలం తగ్గుతుంది. మాదానికి పక్కన ఎత్తు సరిచేసే చిన్న తిప్పుడు మర ఉండేది, ఫ్లాగ్‌స్టాఫ్‌లో తిప్పి, కిందికి దిగాక మళ్ళీ తిప్పాలి. రెండోది మర్చిపోవడమే సహజం.

జిమ్మీ చోటు డైనింగు సీటు మీద, ఒంటికి వేసిన పట్టీని (హార్నెస్) సీటుబెల్టుకి బిగించేవాళ్ళం. బ్రేకు వేస్తే 60 పౌన్ల కుక్క ముందుకి ఎగిరి వస్తుంది. రెండు గంటలకోసారి ఆగడం, రోజుకి 200 మైళ్ళు దాటకపోవడం, మూడింటికల్లా చోటు చేరడం. టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండలో నడిచాక గాలి ఒత్తిడి (పీఎస్ఐ) పెరిగి కనిపిస్తే గాలి తియ్యకూడదు. టైరు పక్కన DOT అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2314 అంటే 2014లో 23వ వారం. టైరు మీద గాడులు లోతుగా కొత్తగా కనిపించినా ఏడేళ్ళు దాటిన టైరు ఎడారి వేడికి పేలే ప్రమాదం ఉంది.

చోటు చేరాక బండిని ఏ దిక్కు తిప్పి పెట్టాలి అనేది పెద్ద పని. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ వెనక వేడి బయటికి పోయే జాలీలు ఒక పక్క గోడకి ఉంటాయి. ఆ గోడ పడమటి ఎండకి ఉంటే ఫ్రిజ్ చల్లబడదు, పాలు విరుగుతాయి. ఉత్తరానికి పెట్టాలి. బండి మట్టంగా లేకపోతే కూడా ఆ ఫ్రిజ్ పనిచెయ్యదు, అందులో ద్రవం తన బరువుతోనే పారాలి. కందిరీగలు వచ్చి బర్నరు గొట్టంలో మట్టిగూడు పెడతాయి, మంట పసుపు రంగుకి తిరిగితే చూడాల్సింది అక్కడే. తలుపు వైపు బయటికి చాచే గుడ్డ పందిరి (ఆనింగ్) కింద నీడలో జిమ్మీ పడుకునేవాడు. గాలి లేచిందంటే మాత్రం ముందు ఆ పందిరి చుట్టెయ్యాలి. ఎడారి గాలి చెప్పి రాదు, ఒక్క విసురుకి దాని చేతులు విరిచి కప్పు మీదికి మడిచేస్తుంది.

క్వార్ట్జ్‌సైట్ అనే ఊరు మాకు బాగా ఇష్టమైంది. చలికాలమంతా ఊరి చుట్టూ ఎడారి ఆర్వీలతో నిండిపోతుంది. లా పోసా అనే ప్రభుత్వ స్థలంలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజను మొత్తానికి మేము వెళ్ళినప్పుడు 180 డాలర్లు, రెండు వారాలకైతే 40 ఉండేది. కరెంటు లేదు, నీళ్ళు పట్టుకునే చోటు, ట్యాంకులు ఖాళీ చేసే చోటు ఉన్నాయి. 40 గ్యాలన్ల నీళ్ళని ఇద్దరు మనుషులు, ఒక కుక్క ఆరేడు రోజులు లాగొచ్చు. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగాలి. మరుగుదొడ్డిది చేరే బ్లాక్ ట్యాంకులో నీళ్ళు బొత్తిగా తగ్గించకూడదు, ఆ పొడి వేడికి గట్టిపడి పిరమిడ్‌లా పేరుకుంటుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత స్నానం, గిన్నెల నీళ్ళు చేరే గ్రే, ఆ సబ్బునీళ్ళే గొట్టం కడుగుతాయి. అదే ఊళ్ళో ఒక చిన్న రాతి పిరమిడ్ సమాధి ఉంది, మీద లోహపు ఒంటె బొమ్మ. 1850లలో అమెరికా సైన్యం ఎడారిలో వాడదామని తెప్పించిన ఒంటెలతో వచ్చిన హాజీ అలీది. అక్కడివాళ్ళ నోట్లో హై జాలీ అయ్యాడు. 1902లో పోయాడు. ఒంటెల్ని తోలిన మనిషికి ఆ దేశంలో అంత గౌరవంగా గుడి కట్టినట్టు కట్టారు, అది చూస్తే మనసు నిండింది.

నేషనల్ పార్కుల్లో కుక్కకి చాలాచోట్ల కాలిబాట మీద చోటు లేదు. సవారో పార్కులో రెండు చిన్న సిమెంటు బాటలు, జాయన్‌లో ఒక్క పారస్ బాట, ఆర్చెస్‌లో ఒక్కటీ లేదు. లీష్ (కుక్కని పట్టుకునే తాడు) ఎక్కడైనా ఆరడుగులే. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు మేలు: అంచు వెంట ఉన్న రిమ్ ట్రైల్ మీద రానిస్తారు, లోయలోకి దిగనివ్వరు, షటిల్ బస్సు ఎక్కనివ్వరు. టీకా కాగితాలు చూపిస్తే ఉంచుకునే కెన్నెల్ ఉంది. మాథర్ క్యాంపులో కరెంటు లేదు, 30 అడుగుల లోపు బళ్ళే. పక్కన ట్రైలర్ విలేజ్‌లో కరెంటు ఉంది. మార్చిలో అక్కడ మంచు ఉంటుంది, ఏసీ కోసం కాదు, నీళ్ళ పైపు గడ్డకట్టకుండా రాత్రి విప్పి లోపల పెట్టుకోవడం కోసం ఆలోచించాలి.

కుక్కని మనస్ఫూర్తిగా రానిచ్చే చోట్లు రెండు. రెండింటినీ తలుచుకోకుండా మాకు వారం గడవదు.

ఒకటి పెట్రిఫైడ్ ఫారెస్ట్. ఇరవై కోట్ల ఏళ్ళకి పైబడిన చెట్లు రాయైపోయి దుంగలు దుంగలుగా పడి ఉంటాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి 28 మైళ్ళ రోడ్డు, దారిలో అన్ని బాటల మీదా లీష్ కట్టిన కుక్కని రానిస్తారు. బ్లూ మెసా బాట ఒక మైలు చుట్టు. నీలం, ఊదా, బూడిద రంగు చారల మట్టిదిబ్బల మధ్యకి నిటారుగా దిగి ఎక్కాలి. దిగేటప్పుడు సుఖంగా ఉంటుంది, ఎక్కేటప్పుడు ఎండ ఎదురు, కాబట్టి గేటు తియ్యగానే మొదట అక్కడికే పోవాలి. జిమ్మీ ఒక్కొక్క దుంగ దగ్గరా ఆగి వాసన చూసేవాడు. బయట బెరడు, గీతలు, ముడులు అన్నీ చెట్టులాగే, ముక్కు ఆనిస్తే చల్లటి రాయి. వాడి ముక్కు తడి ఆ ఎర్రరాతి మీద ఒక్క క్షణం నల్లగా మెరిసి ఆరిపోయేది. అక్కడి నుంచి రాయి ముక్క కూడా తేకూడదు. పట్టుకెళ్ళినవాళ్ళు తప్పయిందని ఉత్తరం రాసి తిరిగి పంపుతుంటారు. పార్కులో రాత్రి బండి పెట్టుకునే క్యాంపు లేదు, హోల్‌బ్రుక్‌లో దిగాలి.

రెండోది వైట్ శాండ్స్. 275 చదరపు మైళ్ళ తెల్లటి దిబ్బలు. అది మామూలు ఇసుక కాదు, జిప్సం. వేడిని పట్టుకోదు, ఎండలో కూడా కాలికి చల్లగా తగులుతుంది. రెండు నెలలు బూట్లు, వేళ్ళ సందులు, 7 సెకన్ల లెక్కలు చూసుకున్న తర్వాత వాడి ఉత్త పాదాలు నిశ్చింతగా నేల మీద ఆనిన చోటు అది. ముల్లు లేదు, తారు లేదు. ముందు కాళ్ళతో గుంట తవ్వి, అందులో పొట్ట ఆనించి పడుకునేవాడు. అడుగున కాస్త తడిగా, ఇంకా చల్లగా ఉంటుంది. నల్లకుక్క ఒళ్ళంతా పిండి చల్లినట్టయ్యేది. సందర్శకుల కేంద్రం దాటితే దిబ్బల్లో ఎక్కడా నీళ్ళు లేవు. గాలి అడుగుజాడల్ని నిమిషాల్లో చెరిపేస్తుంది, బండి కనిపించేంత దూరంలోనే ఉండటం మేలు. పక్కన క్షిపణుల పరీక్షలు జరిగే రోజుల్లో రోడ్డు కొన్ని గంటలు మూస్తారు, ముందురోజే కనుక్కోవాలి. రాత్రికి ఆలమొగోర్డో దక్షిణాన ఆలివర్ లీ స్టేట్ పార్కులో కరెంటు ఉన్న చోట్లు దొరికేవి.

మాన్యుమెంట్ వ్యాలీ నవహో అనే ఆదివాసీల నేల. అరిజోనాలో గడియారం ఏడాదంతా ఒకటే, నవహో ప్రాంతంలో మాత్రం వేసవికి గంట ముందుకి జరుపుతారు. దాని మధ్యలో ఉన్న హోపీ ఆదివాసీలు జరపరు. ఒక్క పూటలో ఫోనులో టైము మూడుసార్లు మారుతుంది. చేతి గడియారం ఒకటి మార్చకుండా ఉంచుకుంటే తికమక ఉండదు. ఊరకుక్కలు, గొర్రెలు రోడ్డు మీదే ఉంటాయి, నెమ్మదిగా పోవాలి.

దక్షిణ అరిజోనాలో సరిహద్దుకి చాలా లోపల కూడా రోడ్డు మీద తనిఖీలు ఉంటాయి. వీసా మీద ఉన్న మనవాళ్ళు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే కాగితం) బండిలోనే పెట్టుకోవాలి, జిమ్మీ రేబిస్ కాగితం కూడా మేము అదే కవరులో పెట్టేవాళ్ళం. దుమ్ముతుఫాను కమ్మితే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పి, చేతి బ్రేకు వేసి, బ్రేకు మీంచి కాలు తియ్యాలి. వెనక లైటు వెలుగుతుంటే అదే రోడ్డనుకుని వెనకవాళ్ళు వచ్చి గుద్దుతారు.

పాములు మార్చి నుంచి బయటికి వస్తాయి. పొడుగ్గా సాగే లీష్ వద్దు, ఆరడుగుల తాడే మేలు. రాళ్ళ సందుల్లో ముక్కు పెట్టనివ్వకూడదు. కరిస్తే కొయ్యడం, కట్టు బిగించడం, ఐసు పెట్టడం ఏదీ చెయ్యకుండా, వాపుకి ఊపిరాడదు కాబట్టి మెడపట్టీ విప్పి, నడిపించకుండా ఎత్తుకుని పోవాలి. విరుగుడు మందు అన్ని ఆస్పత్రుల్లో ఉండదు. ప్రతి కొత్త ఊళ్ళో చేరిన రోజే ఎవరి దగ్గర ఉందో ఫోను చేసి రాసిపెట్టుకునేవాళ్ళం.

వాన ఒకటి రెండుసార్లే పడింది. క్రియోసోట్ పొద మీద చినుకు పడగానే ఎడారంతా ఒక వాసన లేస్తుంది. తొలకరి మట్టివాసనలో కాస్త తారు, కాస్త వాము కలిపినట్టుంటుంది. జిమ్మీ తల పైకెత్తి, కళ్ళు సగం మూసి, ముక్కుపుటాలు ఆడిస్తూ నిలబడిపోయేవాడు. అప్పుడు లీష్ ఎవరూ లాగేవాళ్ళం కాదు.

తిరిగి వచ్చాక చెయ్యాల్సింది ఒకటుంది, చాలామందికి తెలియదు. అరిజోనా మట్టిలో ఒక బూజు ఉంటుంది, దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోయి వ్యాలీ ఫీవర్ తెస్తుంది. నేల తవ్వి వాసన చూసే కుక్కలకి మరీ సులువుగా అంటుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. గుర్తులు సుమారు మూడు వారాలకి బయటపడతాయి: పొడిదగ్గు, తిండి తినకపోవడం, నీరసం, ఒక్కోసారి ఎముకల్లో చేరితే కుంటడం. రక్తపరీక్ష ఉంది, నెలల తరబడి ఫ్లూకోనజోల్ వాడితే చాలావరకు నయమవుతుంది. చిక్కంతా ఏమిటంటే, ఎడారికి దూరంగా ఉన్న ఊళ్ళలో పశువైద్యులకి ఈ జబ్బు వెంటనే తట్టదు. మనమే చెప్పాలి. జిమ్మీ బతికున్నన్నాళ్ళూ, వాడు ఎప్పుడు దగ్గినా, ఏ డాక్టరు గదిలో అడుగుపెట్టినా, మా నోట వచ్చే మొదటి మాట అరిజోనా.